అతుకుల మేడం

మొన్న అమ్మను చూపియ్యడానికి దవాఖానకు తీసుకపోయిన. చీటీ రాయించుకొని వరుసల కూచున్నం. జరసేపటికి అమ్మ నా మోచేతిని పొడిచి, "ఏం చేస్తానవే? అందరు నిన్నే చూస్తాన్రు" అన్నది. అప్పుడు సోయికి వచ్చిన. నేను కూచున్న ప్లాస్టిక్ కుర్చీ చేతిని గోరుతోని కొట్టి చూస్తాన. కొట్టుడు, చెవి వంచి వినుడు, మళ్ళ ఇంకో జాగల కొట్టుడు. పక్కనున్న ముసలామెకు నా మీద ఏం అనుమానమొచ్చిందో, సంచి సదురుకొని అవతలి వరుసకు పోయింది.

ఆ అలవాటు నాది కాదు. నాకు పని నేర్పిన మా మేడంది. పోయిన ఎండకాలం ఆమె చనిపోయింది. ఆమె ఉన్నన్ని రోజులు ఆ కొట్టుడు చూసి నవ్వుకున్నదాన్ని, ఆమె పోయినంక అది నాకు ఎప్పుడు అంటుకున్నదో తెల్వది.

మేడంను మేమెవ్వరం పేరు పెట్టి పిలువలే. మా సామాన్లు అమ్మే దుకాణపోళ్ళు మాత్రం చాటుకు "అతుకుల మేడం" అనేటోళ్ళు. అది ఆమెకు తెలుసు. ఒకసారి ఫోన్‌ల ఆమే, "అవునయ్యా, అతుకుల మేడంనే మాట్లాడుతాన, చెప్పు" అన్నది. అవతలాయన ఫోన్ పెట్టేసిండు.

హన్మకొండల మేడం వాళ్ళది స్టీలు గిన్నెల దుకాణం. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి గల్లా పక్కన కూచొని, గిన్నెను వేలుతోని కొట్టి మోగితే బాగున్నదని, బొంగురుపోతే చీలిక ఉన్నదని కొనేటోళ్ళకు చెప్పేదంట. పెద్దయినంక ప్లాస్టిక్ ఇంజినీరింగ్ చదివింది. దుకాణం తమ్మునికి ఇడిసిపెట్టి, తను ఊరవతల ఒక షెడ్డు తీసుకొని ప్లాస్టిక్ సామాన్లు చేసే పని మొదలుపెట్టింది. పెండ్లి చేసుకోలే. ఎవరన్న అడిగితే "తీరలే" అనేది. ఆ మాట తర్వాత ఇంకో మాట అడిగే సందు ఇయ్యకపోయేది.

ఆమెతోని ఏడికన్న పోవుడంటే మాకు సిగ్గయ్యేది. పెండ్లికి పోతే కుర్చీలను తిరగేసి కింద అచ్చు చూసేది. బస్సెక్కితే ముందు సీటు వెనక భాగాన్ని కొట్టి వినేది. ఎవరింట్లనన్న పిల్లల ఆటబొమ్మ దొరికితే, దాని అతుకు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పి, "ఈ జాగల ఇడుస్తది చూడు" అని ఇంటోళ్ళకు చెప్పేది. నిజంగనే ఆ బొమ్మ ఆన్నే ఇడిసేది. పిల్లలు ఏడ్చేటోళ్ళు. ఆమె తన సంచిల నుంచి ఇంకో బొమ్మ తీసి ఇచ్చేది. ఆ సంచిల ఎప్పుడూ ఏదో ఒక ప్లాస్టిక్ ముక్క ఉండేది.

షెడ్డుల ఆమె కట్టు ఇంకా విచిత్రం. మా కాశిబుగ్గ నేతచీరలే కట్టేది. కొంగు మిషిన్ల పడుతదని చీర మీద మగవాళ్ళ పెద్ద షర్టు తొడుక్కునేది. అది వాళ్ళ నాయినది. కాలరు అరిగిపోతే తిప్పి కుట్టించుకున్నది. బయటి నుంచి మొదటిసారి వచ్చినోళ్ళు ఆమెను చూసి, "ఓనర్ ఉన్నరా?" అని ఆమెనే అడిగేటోళ్ళు. "ఉన్నది, కూచోన్రి" అని లోపటికి పోయి, చెయ్యి కడుక్కొని మళ్ళ వచ్చేది.

నేను ఆమెకు దొరికింది మా ఇంట్లనే. మా నాయిన జంపఖానాలు నేసేటోడు. ఒకరోజు ఆమె జంపఖానా కొనడానికి వచ్చింది. నాయిన లోపట ఉన్నవి చూపిస్తాండు కని ఆమె చూపు అటు లేదు. నేను మగ్గం దగ్గర తెగిన పోగులు అతుకుతాన. ఆమె వచ్చి నా పక్కన గొంతు కూచున్నది. చానాసేపు చూసింది.

"ముడి కనబడ్తలేదేంది?" అన్నది.

"కనబడితే నేతల తగుల్తది గదమ్మా."

"ఎన్నడు నేర్చుకున్నవ్?"

"నేర్చుకునుడేంది, చిన్నప్పటి సంది చేస్తాన."

ఆమె నాయిన దిక్కు తిరిగి, "మీ బిడ్డను నా దగ్గర పనికి పంపుతరా?" అని అడిగింది. అప్పటికే మగ్గం ఆడే రోజుల కంటే ఆగే రోజులే ఎక్కువైనయి. నాయిన నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన. ఆమె ఆ రోజు జంపఖానా కొనుక్కొని పోవుడు మర్చిపోయింది. నాయిన మరునాడు నాతోని పంపిండు.

ఆమె నన్ను నేరుగ వెల్డింగ్ మిషిన్ మీద కూచోబెట్టింది. అప్పటిదాక ఆడోళ్ళు ప్యాకింగ్‌లనే ఉండేటోళ్ళు. సూపర్‌వైజర్ గాబరా పడ్డడు. "మేడం, పిల్ల ఇంటరే చదివింది. మిషిన్ ఖరాబ్ చేస్తది" అన్నడు.

"ఖరాబ్ చేస్తే బాగు చేద్దాం. ఇంకా చెయ్యలే గద" అన్నది మేడం.

ఆ మిషిన్ గురించి జర చెప్పాలె. పేరు వెల్డింగే కని మంట ఉండది, జిగురు ఉండది. కింద గూడుల ప్లాస్టిక్ ముక్కలు రెండు ఒకదాని మీద ఒకటి కూచోబెడ్తం. పై నుంచి లోహపు దిమ్మె ఒకటి దిగి వాటిని ఒత్తుతది. దాన్ని హారన్ అంటరు. అది చెవికి అందనంత వేగంగ వణుకుతది. ఆ వణుకుడు ప్లాస్టిక్ లోపట్నుంచి దిగి, రెండు ముక్కలు తాకే కాడికి పోతది. ఆడ సన్నటి గట్టు ఒకటి ఉంటది. ఆ గట్టు కరిగి రెండిటిని ఒకటి చేస్తది. కండ్లు మూసి తెరిచేలోపల అయిపోతది. నాకు మేడం దీన్ని రెండు మాటలల్ల చెప్పింది. నా అరచేతులు రెండు పట్టుకొని రుద్దించి, "వేడైందా? అంతే" అన్నది.

అన్నం కాడ ఆమె మా అందరితోని నేల మీదనే కూచునేది. ఉల్లిగడ్డను పిడికిలితోని ఒక్క గుద్దు గుద్ది అందరికి పంచేది. తినుకుంట ఆ రోజు ఏ ముక్క ఎందుకు చెడ్డదో అడిగేది. ముక్క చెడితే "చెడ్డది" అనకపోయేది. "అలిగింది" అనేది. "ఇయ్యాల తెల్లగిన్నెలు ఎందుకు అలిగినయి?" అని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలె. "అనుకుంటాన మేడం" అంటే ఒప్పుకోకపోయేది. "అనుకునుడు కాదు బిడ్డా, చూసి చెప్పు" అనేది. అన్నం సగంల లేచి, ఎంగిలిచేత్తోనే పోయి చూసొచ్చినోళ్ళున్నరు.

నేను చేరిన రెండో ఏడు వానకాలం ముందు ఒక గిన్నె పని వచ్చింది.

మా దగ్గర పత్తికి, మిరపకు మందు కొట్టే పంపులుంటయి గద, రైతులు వీపుకు తగిలించుకునేవి. ఆ పంపు కింద, నడుం దగ్గర, మందును వడగట్టే చిన్న గిన్నె ఉంటది. గిన్నె మీద ఒత్తిడి ఉంటది. మా షెడ్డుల అంతకుముందు పొట్టి గిన్నె చేసేది. గట్టి ప్లాస్టిక్‌ది. దాని అతుకు హారన్‌కు పెన్సిల్ మందం దూరంల ఉండేది. ఎన్నడూ అలగలే.

పంపులమ్మే డీలర్ ఒకాయన పెద్ద గిన్నె కావాలన్నడు. గట్టి ప్లాస్టిక్ కొన్ని మందులకు పగులుతాంది, మెత్తటి ప్లాస్టిక్‌తోని చేయాలన్నడు. రెండూ న్యాయమైన మాటలే. మేడం గిన్నెను పొడుగు చేసి గీసింది. కని మూత అతికే అతుకు మాత్రం పాత జాగలనే, అడుగునే ఉంచింది. హారన్ పైన తాకుతది, అతుకు నాలుగు వేళ్ళ కింద. డీలర్ రోజూ ఫోన్ చేస్తాండు, మందు కొట్టే రోజులొచ్చినయి అని. నేను ఆ గిన్నెలు అతికిన. చూడనీకి మంచిగనే ఉన్నయి. నీళ్ళు పోస్తే కారలే. బండ్లు నిండి పోయినయి.

వానలు మంచిగ పట్టినంక ఒక పొద్దున డీలర్ షెడ్డుకు వచ్చిండు. చేతిల ఊడిన గిన్నె ఉన్నది. గేటు కాన్నుంచే మొదలుపెట్టిండు.

"మరిపెడ దిక్కు రైతు ఒకాయన దవాఖానల పడ్డడు! మందు కొడ్తాంటే గిన్నె ఊడి నడుమంత తడిసింది. తోటలనే పడిపోయిండు. ఎవరు చేసిన్రు ఇది?"

సూపర్‌వైజర్ నా దిక్కు చూసిండు. "ఈ మిషిన్ మీద ఆమె ఒక్కతే కూచుంటది సార్" అన్నడు. "నేను మొదలే చెప్పిన మేడంకు."

నాకు రైతు ఎట్లున్నడో అన్న భయం ఒకటి, నా చెయ్యే ఆయన్ను పడగొట్టిందా అన్న భయం ఒకటి. మిషిన్ కాడ్నుంచి లేచి నిలబడ్డ. డీలర్ నన్ను కింది నుంచి పైదాక చూసి, "గిసొంటోళ్ళను కూచోబెడితే గిట్లనే ఉంటది" అన్నడు.

మేడం ముందుగాల, "ఆయన ఇప్పుడెట్లున్నడు?" అని అడిగింది. నయమైతాందని, రేపో మాపో ఇంటికి పంపుతరని డీలర్ చెప్పిండు. అప్పుడు ఊడిన గిన్నె తీసుకొని అంచు మీద గోరు తిప్పింది. నాతోని, "కూచో. రోజు చేసినట్టే ఒకటి చెయ్" అన్నది. నేను ఒకటి చేసిన. దాన్ని పక్కన పెట్టింది. తర్వాత నన్ను లేపి తను కూచున్నది. షర్టు చేతులు మడిచి ఒకటి చేసింది. సూపర్‌వైజర్‌ను పిలిచి, "నువ్వు సుత ఒకటి చెయ్" అన్నది. ఆయన చేసిండు. మూడిటిని పంపుకు బిగించి, నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, అందరం చుట్టూ నిలబడి చూసినం.

మూడూ ఊడినయి. మొదలు ఊడింది మేడం చేసింది.

డీలర్ ఇంకా గరమ్‌గనే ఉన్నడు. "అయితే మిషిన్ జోరు పెంచాలె మేడం" అన్నడు. ఆమె పెంచి చూపించింది. గిన్నె పైభాగం మాడి నల్లగ మచ్చ పడ్డది. కింద అతుకు మాత్రం చల్లగనే ఉన్నది.

అప్పుడు మేడం లోపటికి పోయి మా నాయిన నేసిన ఆ జంపఖానా తెచ్చింది. చుట్ట చుట్టి బల్ల మీద నిలబెట్టింది. పక్కన ఇనుప గొట్టం ఒకటి నిలబెట్టింది. నన్ను రెండిటి అడుగున వేలు పెట్టుమని, పై నుంచి తను చేత్తోని కొట్టింది. ఇనుప గొట్టం దెబ్బ నా వేలికి ఠక్కున తగిలింది. జంపఖానా దెబ్బ అసలు రానే లేదు.

"పాత గిన్నె గట్టిది, పొట్టిది. వణుకుడు పోవాల్సిన కాడికి పోయింది," అని డీలర్‌కు చెప్పింది. "ఇది మెత్తది, పొడుగుది. దారిలనే ఆగిపోతాంది. పైపైన కరిగినట్టు కనబడ్తది, లోపట పట్టలే. దీన్ని ఎవ్వరు కూచొని చేసినా ఇంతే. ఈ పిల్ల తప్పు కాదు. అతుకును ఆడ పెట్టింది నేను."

సూపర్‌వైజర్ ముందట, ప్యాకింగ్‌ల ఆడోళ్ళందరి ముందట అన్నది ఆ మాట. నేను తలకాయ పక్కకు తిప్పుకున్న. కండ్లల్ల నీళ్ళు ఆగలే. తప్పంత నా మీదికి తోసుడు ఆమెకు చానా సులువుగ అయ్యేది. నన్ను ఇంటికి పంపి, ఇంకొకళ్ళను కూచోబెడితే డీలర్ సుత ఊకునేటోడు. ఎవ్వరూ ఆమెను అడిగేటోళ్ళు కాదు.

ఆ రోజు మిషిన్ బందు పెట్టించింది. మరునాడు పొద్దున, "మరిపెడకు పోదాం దా" అన్నది నాతోని. నేనెందుకు మేడం అన్న.

"నిన్న సంది నువ్వు నీ చేతులు చూసుకుంటానవ్. ఇట్లనే ఇడిస్తే నువ్వు ఇగ మిషిన్ ముట్టవు. ఆయన ముందట చెప్తా, విను."

బస్సుల పోయినం. ఆ రోజు ఆమె ఏ సీటును కొట్టి చూడలే. మరిపెడల దిగి ఆటో మాట్లాడుకొని ఆ రైతు ఊరికి పోయేసరికి ఎండ ఎక్కింది. ఆయన దవాఖాన నుంచి అప్పుడే ఇంటికొచ్చి అరుగు మీద మంచంల బోర్ల పండుకున్నడు. ఆయన భార్య మమ్మల్ని చూసింది. మేం ఎవరమో చెప్పంగనే ఆమె ఆయన అంగీ పైకెత్తింది.

"చూడున్రి. మంచిగ చూడున్రి."

నడుమంత ఎర్రగ కమిలి పొక్కులు లేసినయి. నేను మొహం తిప్పుకున్న. మేడం తిప్పుకోలే. చూసుకుంటనే మంచం పక్కన కింద కూచున్నది.

"ఆ గిన్నె మా షెడ్డుల చేసిందే అమ్మా. దాన్ని గీసింది నేను. తప్పు నాది. ఈ పిల్ల మిషిన్ నడిపింది, ఈమె చేతిల తప్పు లేదు."

"చదువుకున్నోళ్ళు గద. ఊడుతదని తెలువదా మీకు?"

మేడం తెలువదు అంటదనుకున్న. అట్లంటే ఆ ఇల్లాలు సుత ఏం చేస్తది పాపం.

"తెలుసు," అన్నది మేడం. "దూరం పెరిగితే పట్టదని నేను చదువుకున్న. పొడుగు గీసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. నీళ్ళు పోసి చూసి ఊకున్న, ఒత్తిడి పెట్టి చూడలే. సీజన్ దాటిపోతదని తొందరపడ్డ."

ఆ ఇల్లాలు లోపటికి పోయి చెంబుతోని నీళ్ళు తెచ్చి నాకిచ్చింది. మేడంకు ఇయ్యలే. మేడం అడగలే. నేను తాగలేక, ఇడువలేక చెంబు పట్టుకొని నిలబడ్డ.

మంచంల ఆయన మెల్లగ తల తిప్పిండు. "ఇసొంటియి ఇంకెన్ని ఊర్లల్ల ఉన్నయి?" అన్నడు.

"చానా ఉన్నయి."

"మరి ఈడ కూచుంటే ఎట్ల? మిరపకు అందరు ఇప్పుడే మందు కొడ్తాన్రు. పోయి తెచ్చుకోన్రి."

మేడం లేచింది. చీర దులుపుకోలే. ఆన్నుంచే మొదలుపెట్టినం. మరిపెడ దుకాణాలల్ల అమ్ముడుపోని పంపులకు గిన్నెలు విప్పుకున్నం. అమ్ముడుపోయినవి ఏ ఊర్లకు పోయినయో దుకాణపోళ్ళ ఫోన్లల్ల పట్టుకున్నం. అట్ల వర్ధన్నపేట దాక, తర్వాత రోజులల్ల ఇంకా అవతలికి. కొన్నూర్లల్ల పంచాయితి మైకు అడుక్కున్నది. మైకు ముందట నిలబడి తనే చెప్పింది, "నేను గిన్నెలు చేసిన కంపెనీ ఆమెను. నల్లమూత పొడుగు గిన్నె ఉన్న పంపుతోని మందు కొట్టకున్రి. పంచాయితి కాడ ఉన్న, పట్టుకొస్తే విప్పి పాత గిన్నె పెట్టిస్త."

ఒక దుకాణపాయన చెయ్యి పట్టుకొని ఆపినంత పని చేసిండు. "మేడం, ఇట్ల మైకుల చెప్తే మీ పేరు పోతది. చాటుకు మారుద్దాం."

"నా పేరు సంగతి తర్వాత మాట్లాడుదాం. ఆ సందు చివర ఇంటికి వినబడ్తాందో లేదో పోయి చూసి రా" అన్నది.

ఆయన పోయిండు మరి! పోయి, "వినబడ్తాంది మేడం" అని వచ్చిండు.

ఆ తర్వాత ఇంకొక్కరు దవాఖానకు పోలే. అది మాకు దక్కిన అదృష్టం. ఆ రైతు సుత నెమ్మదిగ లేచి తిరిగిండు.

కొత్త గిన్నెకు టైం పట్టింది. ఆమె గిన్నెను తలకిందులు చేసి గీసింది. మూత పైకి వచ్చింది, అతుకు మూత అంచుకు వచ్చింది. ఇప్పుడు హారన్ మూతనే తాకుతది, అతుకు దాని కిందనే. పొడుగు ఉంటే ఉండనీ, అతుకు దగ్గర్ల ఉండాలె, అంతే సంగతి. దానికి అచ్చు మార్చాలె, హారన్ కొత్తగ కోయించాలె. పట్నం పోయి చేయించింది. అయినంక షెడ్డు వెనక పంపులకు బిగించి, నీళ్ళతోని ఆపకుండ ఆడించింది. ఆ సప్పుడుకు పక్క షెడ్డోళ్ళు కొట్లాటకు వచ్చిన్రు. వాళ్ళకు చాయ్ పోసి గిన్నె కథంత చెప్పింది. కొట్లాటకు వచ్చినోళ్ళు గిన్నె ఊడుతదా ఊడదా అని రోజూ వచ్చి చూసిపోయిన్రు.

సీజన్ అయిపోయింది. ఆ డీలర్ వేరే కంపెనీకి పోయిండు. షెడ్డు చానా రోజులు సగమే నడిచింది. ఆమె తమ్ముడు వచ్చి, "అక్కా, ఇంత చాటింపు అవసరమా" అని గట్టిగనే మాట్లాడిండు. ఆమె వింటనే ఉన్నది. ఆఖరుకు, "నాయిన చీలిన గిన్నె ఎవరికన్న అంటగట్టిండా?" అని అడిగింది.

సూపర్‌వైజర్ ఒకరోజు నా మిషిన్ కాడికి వచ్చి, "చెల్లె, ఆ పొద్దు నోరు జారిన" అన్నడు. నేను తల ఊపిన. అప్పటి సంది అన్నం కాడ ఉల్లిగడ్డల పెద్ద ముక్క నా దిక్కు జరిపేటోడు.

కొత్త గిన్నెలు చేతికి రాంగనే మేడం, నేను మళ్ళ ఆ ఊరికి పోయినం. పంపుకు ఆమే బిగించింది. ఆ ఇల్లాలు నిలబడి చూసింది. ఈసారి ఇద్దరికి చాయ్ ఇచ్చింది. వచ్చేటప్పుడు మేడం సంచిల ఎండుమిరపకాయలు పోసింది. ప్లాస్టిక్ ముక్కలు తప్ప ఏం ఎరుగని సంచి అది. బస్సుల ఇద్దరం తుమ్ముకుంట వచ్చినం.

తర్వాత ఏండ్లల్ల ఆమె నాకు గీసుడు నేర్పింది. నేను ఏది గీసి తెచ్చినా ముందుగాల ఒకటే అడిగేది, "హారన్ ఏడ నిలబడ్తది?" ఆ జాగ చూపించకుంటే కాగితం చూడకపోయేది. ముక్క అందం తర్వాత, కొలతలు తర్వాత. హారన్ ఏడ, అతుకు ఏడ, రెండిటి నడుమ ఎంత దూరం, ఏ ప్లాస్టిక్. ఇది గట్టి ప్లాస్టికైతే జర దూరమున్నా నడుస్తది, మెత్తదైతే దగ్గరికి తేవాలె. ఆమె నాకు డిప్లొమా కట్టించింది, సాయంత్రం పూట పంపింది. నా పెండ్లి మాటలప్పుడు అబ్బాయి వాళ్ళు "పని మాన్పిస్తరా" అని అడిగితే, మా నాయిన కంటే ముందు ఆమె, "మాన్పియ్యం" అన్నది. వాళ్ళు మేడంను మా మేనత్త అనుకున్నరు. మేం సుత కాదనలే.

పోయినేడు ఆమెకు బాగలేదని తెలిసింది. షెడ్డుకు వచ్చుడు తగ్గించింది, తర్వాత మానేసింది. షెడ్డు సంగతి నాకు, సూపర్‌వైజర్‌కు అప్పజెప్పింది. నేను హన్మకొండకు, వాళ్ళ తమ్ముని ఇంటికి పోయి చూసొచ్చేదాన్ని.

ఒకసారి నల్లా మీటరు పెట్టే డబ్బా తీసుకపోయిన. మొదటి గీత నుంచి ఆఖరుదాక నేను ఒక్కదాన్నే చేసిన మొదటి ముక్క అది. అప్పటికి మందుల వల్ల ఆమె చెవులు మందగించినయని వాళ్ళ మరదలు గుమ్మం కాడనే చెప్పింది. మేడం దిండుకు ఆనుకొని కూచున్నది. చేతులు సన్నబడ్డయి. డబ్బా తీసుకొని వెలుతురు దిక్కు పట్టింది. తిప్పింది. మరదల్ని పిలిచి సుత్తె తెమ్మన్నది.

"వదినా, మంచంల సుత్తెందుకు?" అన్నది ఆమె.

"తే."

తెచ్చింది. మేడం ఎత్తబోయింది, చేత కాలే. నాకిచ్చింది. "కొట్టు."

నాకు మనసొప్పలే. నేను చేసిన డబ్బా. అయినా నేల మీద పెట్టి కొట్టిన. మొదటి దెబ్బకు ఏం కాలే. "గట్టిగ" అన్నది. రెండో దెబ్బ గట్టిగ వేసిన. డబ్బా పగిలింది. ముక్కలు ఏరి ఆమె ఒడిల పెట్టిన. ఆమె ఒక్కొక్కటి తీసి చూసింది. పక్క గోడ రెండు తునకలైంది. అతుకు మాత్రం చుట్టూ అట్లనే పట్టుకొని ఉన్నది. ప్లాస్టిక్ పగిలింది కని అతుకు ఇడువలే. మంచి అతుకంటే అదే.

ఆ ముక్కను ఆమె చానాసేపు పట్టుకున్నది. ఇన్నేండ్లల్ల ఒక్కసారి సుత ఆమెకు ఆ మాట చెప్పలే. చెప్పబోతే ఏదో ఒక పని చెప్పి పంపేది. మంచం దగ్గరికి జరిగిన.

"మేడం, ఆ రోజు అందరి ముందట నా తప్పు లేదని మీరు అనకుంటే, నేను ఇయ్యాల ఏమైపోయేదాన్నో. మీరు చేసింది నేను బతికినన్నాళ్ళు మర్చిపోను."

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఆఁ? వినబడ్తలేదు బిడ్డా. గట్టిగ చెప్పు" అన్నది.

గొంతు సవరించుకొని గట్టిగ చెప్పిన. మొత్తం మళ్ళ చెప్పిన. ఇల్లంత వినబడేటట్టు అరిచిన. వంటింట్ల నుంచి మరదలు గరిటె పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. పైన మేడ మీద నుంచి తమ్ముడు, "ఏమైంది, ఏమైంది?" అనుకుంట దిగిండు. నేను ఏడ్చుకుంట, వగర్చుకుంట నిలబడ్డ.

మేడం మా ముగ్గురిని చూసి, పగిలిన ముక్కను పక్క దిండు మీద పెట్టి నవ్వింది.

"మొదటిసారే వినబడ్డది," అన్నది. "వీళ్ళు సుత వినాలని."